మా మామ బతుకుదెరువు: కూర్చొనుట

నలభై ఒక్క ఇళ్లున్న ఊరిని పదకొండు రోజుల్లో పనీపాటా లేని ఊరుగా మార్చినవాణ్ని నేను. కరువు కూడా ఆ పనికి కనీసం మూడేళ్లు తీసుకుంటుంది. నాకు ఒక పెన్సిలు, ఒక గీతల పుస్తకం సరిపోయాయి. పైగా ఆ ఊరు పరాయిది కాదు, నాదే. ఆ నలభై ఒక్క ఇళ్లలో ఒకటి నాకు పిల్లనిస్తానని మాటిచ్చిన మేనమామది.

ఇది పద్దెనిమిదేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ఇరవై నాలుగు, ఇప్పుడు నలభై రెండు. కూడి చూసుకోండి, సరిపోతుంది. నేను చెప్పే ప్రతి అంకెనూ ఇలాగే కూడి చూసుకోవచ్చు. ఆనాడు కూడా నా కూడికలో తప్పు లేదు. తప్పంతా కూడిక మొదలుపెట్టకముందే జరిగిపోయింది.

మాది పటాన్‌చెరువుకూ సంగారెడ్డికీ మధ్య, ముత్తంగి నుంచి కాలిబాటన గంటలోపు వచ్చే ఊరు. నేను చదివింది నాలుగో జమాతు, అదీ ఉర్దూలో. ఎక్కాలు ఆ భాషలో నేర్చుకున్నాను కాబట్టి ఇప్పటికీ నా బుర్రలో గుణకారం ఉర్దూలోనే నడుస్తుంది, జవాబు మాత్రం తెలుగులో బయటికి వస్తుంది. మా నాన్న పోయాక బడి ఆగింది. తర్వాతి లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. తాడు ఎంతవరకు తడిసిందో చూసి బావిలో నీళ్ల లోతు చెప్పేవాణ్ని. గడ్డివాము చుట్టూ ఒకసారి నడిచి ఎన్ని బండ్లకు వస్తుందో చెప్పేవాణ్ని. పెళ్లికి ఎన్ని విస్తళ్లు కావాలో పిల్ల దొరకకముందే చెప్పేవాణ్ని. ఊళ్లో అందరూ నన్ను ‘హిసాబు నర్సింలు’ అనేవారు. అది మెచ్చుకోలని చాలా ఏళ్లు నమ్మాను.

తెలుగు చదవడం కూడా సొంతంగానే నేర్చుకున్నాను, కొట్లో పొట్లాలు కట్టిన కాగితాలు చదివి. దాంతోపాటు మాటల పిచ్చి పట్టుకుంది. ఒక అంకె దేనితో దేనితో భాగించబడుతుందో చూసినట్టే, ఒక మాట ఎక్కడెక్కడ విడిపోతుందో, ఎక్కడినుంచి వచ్చిందో చూడటం. ఒక్కడికి రెండు పిచ్చులు ఉండకూడదు. ఉన్నా అవి రెండూ ఒకేరోజు ఒకే కాగితం మీద కలుసుకోకూడదు. నా విషయంలో కలుసుకున్నాయి.

ఆ ఏడాది మావైపు పెద్ద కార్ఖానా వస్తుందని తేలింది. సర్వేవాళ్లు మా చెల్కల్లో ఎర్రజెండాలు పాతుకుంటూ పోయారు. చెల్క అంటే వాననీరు తప్ప మరో నీరెరుగని భూమి. మా ఊళ్లో మూడిళ్లకు బావులున్నాయి, మిగిలినవన్నీ చెల్కలే. భూమి పోయిన ఇంటికి కార్ఖానాలో ఒక నౌకరి ఇస్తారని చాటించారు.

మా మేనమామ పెంటయ్యది తొమ్మిదెకరాల చెల్క. కొడుకులు లేరు. ఒక్కతే కూతురు, యాదమ్మ. అందుకని ఆయన ఆలోచన తేలిగ్గానే తెమిలింది. భూమి పోతుంది, దాని బదులు వచ్చే నౌకరి అల్లుడు కాబోయే నాకు ఇప్పించాలి, నేను నౌకరిలో చేరిన నెలలోనే పెళ్లి చెయ్యాలి. ఈ సంగతి ఆయన జోగిపేట సంతలో కనబడిన చుట్టాలందరికీ చెప్పేశాడు. పాఠకులు ఈ వరుస గుర్తుపెట్టుకోవాలి: భూమి, నౌకరి, పెళ్లి. మధ్యది జారితే చివరిది ఎక్కడ పడుతుందో చెప్పడానికి లెక్కలు రానక్కర్లేదు.

కార్ఖానావాళ్లు ముందుగా ఒక రేకుల షెడ్డు వేసి, అందులో భూముల ఆఫీసు పెట్టారు. దాని హెడ్ గుమాస్తా సుబ్బారావుగారు, గుడివాడ నుంచి వచ్చిన మనిషి. ఆయన ప్రతి మాటకూ ‘అండీ’ తగిలిస్తుంటే మావాళ్లు మొదట్లో వెనక్కి తిరిగి ఎవరినంటున్నాడో చూసుకునేవారు. చదవడం, రాయడం వచ్చిన స్థానికుడు కావాలని వెతికి, మా ఊరి ఫారాలు నింపే పని ఆయన నాకు అప్పగించారు.

ఫారంలో అయిదు గళ్లు. పేరు, ఇంట్లో ఎందరు, పోయే భూమి ఎంత, మిగిలేది ఎంత. ఈ నాలుగూ తేలికే. అయిదో గడి దగ్గర నా వేలు ఆగింది. ‘ప్రధాన జీవనోపాధి’ అని అచ్చువేసి ఉంది. పొట్లాల కాగితాల మీద ఆ మాట నాకెప్పుడూ తగల్లేదు.

“సార్, గీ అయిదో గడి ఏంది?” అని అడిగాను.

“బతకడానికి ఆధారమయ్యా. మీరంతా బతుకుదెరువు అంటారు చూడు, అదే.”

“అట్లయితే గదే అచ్చు కొట్టొచ్చు గద సార్.”

“నోట్లో ఆడే మాట ఫారంలోకి రాకూడదు. అదొక రూలు” అన్నారాయన. నవ్వలేదు, అందుకని నేనూ నవ్వలేదు.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. నేను బతుకుదెరువు అనే మాట ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. సుబ్బారావుగారు కలం పక్కన పెట్టారు. ఆయనకూ నా జబ్బే ఉందని అప్పుడు తెలిసింది. తెరువు అంటే దారి అనీ, పాత పుస్తకాల్లో బాటసారిని తెరువరి అంటారనీ, బతుకుతెరువు అంటే బతుకు నడిచే దారి అనీ, మా నోళ్లలో అది కాస్త మెత్తబడి బతుకుదెరువు అయిందనీ చెప్పారు. జీతం అన్న మాట జీవితం నుంచే వచ్చిందన్నారు. మా ఊళ్లో జీతం ఉండటమంటే దొర ఇంట్లో ఏడాది పొడుగునా చాకిరి చెయ్యడం. అందుకని ఆ రెండూ ఒకటేనంటే నేను వెంటనే నమ్మేశాను. నా వంతుగా, నౌకరి అనే మాట పారసీ దేశం నుంచి వచ్చిందని మా ఉర్దూ సారు చెప్పిన సంగతి చెప్పాను.

“అయితే అదీ నాలాగే ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిందన్నమాట” అని ఆయన మళ్లీ కలం తీసుకున్నారు. “సరే, నువ్వు ఎక్కువ ఆలోచించకు. వాళ్లు చెప్పింది రాసుకు రా.”

ఆలోచించకు అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది.

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. బతుకుదెరువు అంటే బతుకు నడిచే దారి. ఫారంలో ‘ప్రధాన’ అని కూడా ఉంది. ఏ దారి ప్రధానమైనది? ఎక్కువగా నడిచిన దారి. పటాన్‌చెరువు పోయేదాన్ని పెద్ద రోడ్డు అంటున్నామంటే దానిమీద ఎక్కువమంది నడుస్తారనే కదా. కాబట్టి ఒక మనిషి ఏడాదిలో ఏ పనిమీద ఎక్కువ రోజులు గడుపుతాడో అదే అతని ప్రధాన జీవనోపాధి. ఈ సూత్రం కనిపెట్టినప్పుడు కాలిబాట మీద ఒంటరిగా ఉన్నాను. లేకపోతే ఎవరో ఒకరు నన్ను ఆపి ఉండేవారు.

గీతల పుస్తకంలో ఇంటికొక పేజీ చొప్పున మూడు వందల అరవై అయిదు గళ్లు గీశాను. మా రైతులకు తారీఖులు తెలియవు, కార్తెలు తెలుసు. రోహిణిలో ఏం చేశావు, మిరుగులో ఏం చేశావు అని అడిగితే పోయినేడాదిని అద్దంలో చూసినట్టు చెబుతారు. మిరుగు అంటే మృగశిర కార్తె, మొదటి వానలు రావలసిన రోజులు. ఇలా కార్తెలను రోజులుగా మార్చి గళ్లు నింపాలన్నది నా పద్ధతి. ఇంత శ్రద్ధగా ఎవరూ ఫారం నింపి ఉండరు. ఆ మాట మీద ఇవాళ్టికీ నిలబడతాను.

మొదట మామ ఇంటికే వెళ్లాను. ఎందుకని అడక్కండి. మామ అరుగు మీద గోడకు ఆనుకుని చుట్ట కాలుస్తున్నాడు. లోపల గుమ్మం దగ్గర యాదమ్మ కందులు చెరుగుతోంది.

“మామా, నీ బతుకుదెరువు ఏంది?” అని మొదలుపెట్టాను.

మామ చుట్ట నోట్లోంచి తీశాడు. “ఏందిరా గా మాట? నేను ఊరిడిసి ఏడికన్న పోయిన్నా?”

“పోలేదు మామా. కాయిదంల అడుగుతున్నరు.”

“బొంబాయి పోయినోణ్ని బతుకుదెరువుకు పోయిండు అంటం. నాకెందుకుంటదిరా బతుకుదెరువు? నాకు బతుకే ఉన్నది. భూమున్నది, ఇల్లున్నది, నీ అసొంటి అల్లుడు తగులుకుంటున్నడు. ఇగ తెరువెందుకు?”

బతుకుదెరువు లేదని మామ తన నోటితోనే అన్నట్టు నేను పుస్తకం అంచున గుర్తు పెట్టుకున్నాను. తర్వాత కార్తెల్లోకి దిగాం. చేనులో పనిచేసిన రోజులు, అంటే దున్నడం, విత్తడం, కలుపు, కోత, నూర్పిడి అన్నీ కలిపి నూట పద్దెనిమిది. పక్క చేనువాడితో గెట్టు తగాదా మీద సంగారెడ్డి ఆఫీసుల చుట్టూ తిరిగినవి యాభై రెండు. పెళ్లిళ్లు, చావులు, చుట్టపుచూపులు నలభై ఒకటి. జ్వరంతో పడుకున్నవి పద్నాలుగు. అక్కడికి రెండు వందల ఇరవై అయిదు వచ్చింది. ఇంకా నూట నలభై గళ్లు ఖాళీగా ఉన్నాయి.

“ఇంకేం చేసినవ్ మామా?”

“ఇంకేముంటదిరా? గంతే.”

లోపలినుంచి చేట చప్పుడు ఆగింది. “అరుగు మీద కూసున్న దినాలు గూడ రాసుకో బావా. లేకుంటే నీ లెక్క తెగదు” అంది యాదమ్మ.

ఆమె ఎగతాళికి అంది. నాకు మాత్రం లెక్క తెగింది. నూట నలభై గళ్లలో వరుసగా ‘కూ’ అని రాసుకుంటూ పోయాను. ఒక పేజీలో అన్ని ‘కూ’లు చూస్తే రైలు పోతున్నట్టుంది. కూడి చూశాను. మూడు వందల అరవై అయిదు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. అన్నింటికన్నా పెద్ద అంకె నూట నలభై. సూత్రం ప్రకారం అయిదో గడిలో నా గుండ్రటి అక్షరాలతో రాశాను: కూర్చొనుట.

మామకు చదువు రాదు. వేలికి సిరా పూసుకుంటూ, “ఏం రాసినవ్?” అన్నాడు.

“నిజం రాసిన మామా.”

“నిజమే రాయాలె” అని వేలిముద్ర గట్టిగా నొక్కాడు.

ఇలా పదకొండు రోజులు ఊరంతా తిరిగాను. బావులున్న మూడిళ్లవాళ్లు మాత్రమే ‘వ్యవసాయము’గా తేలారు. మిగిలిన ముప్పై ఎనిమిది ఇళ్ల పేజీలు చదువుతుంటే నాకే కొత్త ఊరు చూసినట్టనిపించింది. ఒకాయన ఏడాదిలో ఎక్కువ రోజులు పెళ్లిళ్లకు పోయాడు. ఇంకొకాయన తప్పిపోయిన ఎద్దు కోసం తొంభై మూడు రోజులు వెతికాడు, చేనులో ఉన్నది ఎనభై ఎనిమిదే. అయిదు రోజుల తేడాతో ఆయన బతుకుదెరువు ‘ఎద్దును వెతుకుట’ అయింది. ఊరి చివరింటి ముసలమ్మ తాను కోడలిని తిట్టని రోజు లేదని గర్వంగా చెప్పుకుంది. మూడు వందల అరవై అయిదుకు మూడు వందల అరవై అయిదు. ఊరు మొత్తంలో ఒక్కరోజు కూడా నాగా పెట్టని మనిషి ఆమె ఒక్కతే. రాశాను.

ఫారాలు పట్టుకెళితే సుబ్బారావుగారు వాటి మందాన్ని చూశారు, అంచులు సరిచేశారు, దారం కట్టారు. నా దస్తూరీ ముత్యాల్లా ఉందన్నారు. ముత్యాల్లోకి తొంగిచూసే తీరిక ఆయనకు లేదు. ఆ సాయంత్రమే ఆ కట్ట సంగారెడ్డి వెళ్లిపోయింది.

నెల తర్వాత ఒక ఉదయం భూముల ఆఫీసరు రేకుల షెడ్డుకు వచ్చాడు. వయసు మళ్లిన హైదరాబాదు మనిషి, పాత సర్కారులో కూడా పనిచేసినవాడు. ఊరంతా వచ్చి షెడ్డు ముందు నేలమీద కూర్చుంది. మామ కొత్త రుమాలు చుట్టుకుని ముందు వరసలో ఉన్నాడు. యాదమ్మ ఆడవాళ్లలో ఉంది. నేను సుబ్బారావుగారి పక్కన, కొంచెం ఆఫీసు మనిషిలా నిలబడ్డాను.

ఆఫీసరు ముందు రూలు చదివి వినిపించాడు. పోయే భూమే ప్రధాన జీవనోపాధి అయిన ఇంటికి ఒక నౌకరి. వేరే జీవనోపాధి ఉన్నవాళ్లకు భూమి ధర మాత్రమే. ఆ రూలు నేను మొదటిసారి వింటున్నాను. వింటూండగానే నా కళ్లముందు ఒకటే కనబడింది. అది అయిదో గడి.

ఆఫీసరు మొదటి ఫారం తీశాడు. చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

“పెంటయ్య ఎవరు?”

మామ లేచి నిలబడ్డాడు.

“పెంటయ్యా, నువ్వు కూసుండి బతుకుతవా?”

“ఎవలు చెప్పిన్రు సారూ?”

“నీ ఏలిముద్ర చెప్తున్నది. ప్రధాన జీవనోపాధి, కూర్చొనుట.” ఆయన కోపంగా అనలేదు. ఆలోచిస్తూ అన్నాడు. “మరి నీ అరుగు కార్ఖానాల పోతలేదు గద. భూమి పోయినా కూసునుడు నీకే ఉంటది. ఇగ నౌకరి ఎందుకు?”

లెక్క ప్రకారం ఆ మాటలో వంక పెట్టడానికి లేదు. నా సూత్రాన్ని అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆయనే, కానీ అది సంతోషించే సమయంలా కనిపించలేదు. సుబ్బారావుగారు మిగతా ఫారాలు పైకి చదువుతూ గబగబా తిప్పుతున్నారు. పెళ్లిళ్లకు పోవుట దగ్గర ఆయన ముఖం తెల్లబడింది, ఎద్దును వెతుకుట దగ్గర ఎర్రబడింది, కోడలిని తిట్టుట దగ్గరికి వచ్చేసరికి ఆయన దగ్గర రంగులు అయిపోయాయి.

“నర్సింలూ, నేను నీకు చెప్పిందేమిటి?” అన్నారు చాలా మెల్లగా.

“తెరువంటే దారి అని చెప్పిన్రు సార్.”

“ఆ తర్వాత చెప్పింది?”

నేను ఫారాల కట్ట విప్పిన దారం తీసి వేలికి చుట్టడం మొదలుపెట్టాను.

ముప్పై ఎనిమిది ఇళ్లకు నౌకరి లేదని జనానికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ముప్పై ఏడు ఇళ్లవాళ్లు నావైపు తిరిగారు. ముప్పై ఎనిమిదో ఇల్లు మామది. ఆయన తిరగలేదు. నాకు అదే ఎక్కువ భయమేసింది. ముసలమ్మ మాత్రం కూర్చున్నచోటినుంచే, తాను తిట్టే మాట నిజమే గాని కోడలి ముందర కాయిదంలోకి ఎక్కించే మాట కాదని వివరంగా చెప్పింది. ఆ రోజు కోటా కోడలికి బదులు నాకు ముట్టింది.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. సంచిలోంచి గీతల పుస్తకం తీసి ఆఫీసరు చేతిలో పెట్టాను. “సార్, కూడిక చూడుండ్రి. మూడు నూర్ల అరువై అయిదు తప్పకుంట వచ్చింది” అన్నాను. ఊరు కాలిపోతుంటే మంట ఎత్తు కొలిచి చూపించినట్టు.

ఆయన నిజంగానే వేలితో కూడి చూశాడు. “కూడిక బరాబర్ ఉన్నది” అన్నాడు. ఎంత సిగ్గులేని ప్రాణమో, అర క్షణం నాకు ఆనందంగా అనిపించింది.

ఆడవాళ్లలోంచి యాదమ్మ గొంతు వినిపించింది. నాతో కాదు, వాళ్ల నాన్నతో. “నాయినా, గా నూట నలువై దినాలు ఏ కార్తెలల్ల రాసిండో సదివిపియ్యి.”

మామ అప్పుడు తలతిప్పి నన్ను చూశాడు. “సదువు” అన్నాడు.

పుస్తకం తీసుకుని చదివాను. రోహిణిలో పదమూడు, మిరుగులో పదకొండు, ఆరుద్రలో తొమ్మిది. అక్కడిదాకా చదివి మళ్లీ మొదటికి వచ్చాను. పెద్ద అంకెలన్నీ వాన రావలసిన కార్తెల్లోనే పక్కపక్కన పడి ఉన్నాయి. నెలరోజులుగా నా దగ్గరే ఉన్న పుస్తకం, నేను కింది మొత్తం తప్ప పైనున్న వరస చూడలేదు.

“సారూ” అన్నాడు మామ ఆఫీసరుతో. “నాగలి కట్టుకున్నం, ఇత్తునం తీసి పెట్టుకున్నం, ఎడ్లకు మేతేసి కూసున్నం. మబ్బు దిక్కు మొకం పెట్టి కూసున్నం. బావున్నోడు నీళ్లు తోడుకోని దున్నుతడు. చెల్క ఉన్నోడు కూసుంటడు. వాన చెప్పిరాదు. వచ్చిన్నాడు మనిషి ఇంటికాడ లేకుంటే ఏడాది పాయె. గట్ల కూసునుడు చేతగానోడే బతుకుదెరువుకు పోతడు. కూసున్నోడే రైతు.”

ఆఫీసరు నా చేతిలోని పుస్తకం తీసుకుని మూసి, చెల్కల వైపు చూశాడు.

“సహీ బాత్” అన్నాడు. “గని ఏలిముద్ర పడ్డ మాట కొట్టేస్తే ఫారం చెల్లదు.”

కొట్టెయ్యకూడదు గాని చేర్చవచ్చునా అని సుబ్బారావుగారు అడిగారు. చేర్చిన దగ్గర మళ్లీ వేలిముద్ర ఉంటే చెల్లుతుందని తేలింది. ఆఫీసరు చెబుతుంటే నేను రాశాను. మామ ఫారంలో నా గుండ్రటి అక్షరాలకు ముందు కొంత, వెనక కొంత చేరి ఇలా అయింది: ‘వాన కొరకు కూర్చొనుట, అనగా వ్యవసాయము.’

దారి దొరికాక మిగిలినవి అంత కష్టం కాలేదు. ‘వాన లేని దినములలో పెళ్లిళ్లకు పోవుట, అనగా వ్యవసాయము.’ ‘దున్నుటకు ఎద్దును వెతుకుట, అనగా వ్యవసాయము.’ ముసలమ్మ ఫారం దగ్గర ఆఫీసరూ సుబ్బారావుగారూ చాలాసేపు తల పట్టుకున్నారు. చివరికి సుబ్బారావుగారి సాహిత్యజ్ఞానమే అక్కరకొచ్చింది: ‘కలుపు తీయించుటకు కోడలిని తిట్టుట, అనగా వ్యవసాయము.’ ముసలమ్మ చదివించుకుని విని, ఇప్పుడు సరిగ్గా ఉందంది.

కొత్త వేలిముద్రల కోసం ముప్పై ఎనిమిది ఇళ్లకూ మళ్లీ నేనే తిరిగాను. ఒక్క ఇంట్లోనూ ఎవరూ నన్ను తిట్టలేదు. “రా బిడ్డా, కూసో. రాసుకుంటవా?” అనేవారు. ఏ గుమ్మంలో అడుగుపెట్టినా అదే మాట. నిలబడే వేలిముద్రలు వేయించుకున్నాను.

మామ ఇంటికి చివర వెళ్లాను. ఆయన వేలిముద్ర వేసి, చుట్ట వెలిగించుకుని, పెళ్లి సంగతి తన చేతుల్లో లేదని, లోపల అడుక్కోమని చెప్పాడు. లోపల యాదమ్మ చేట పక్కన పెట్టలేదు.

“నా దినాలు గూడ లెక్కపెడతవా బావా?” అంది.

“పెట్ట.”

“నేను కూసున్నా?”

“కూసున్నా పెట్ట. నిలుసున్నా పెట్ట.”

“అయితే నాయినకు చెప్పు, నేనేమనలేదని.”

వరుస తప్పలేదు. భూమి పోయింది, నౌకరి వచ్చింది, పెళ్లయింది. ముప్పై ఎనిమిది ఇళ్లకూ నౌకర్లు వచ్చాయి. సుబ్బారావుగారు మాత్రం ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ మాటకూ మూలం చెప్పలేదు. అడిగితే తెలియదనేవారు.

లెక్కలు వచ్చని నన్ను కార్ఖానా టైమాఫీసులో వేశారు. వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ రాసుకోవడం, మధ్యలో కుర్చీలో ఉండటం నా పని. నేను చేరిన కొత్తలో ఒకరోజు మామ అల్లుడి నౌకరి చూద్దామని వచ్చి, కిటికీ అవతల నిలబడి పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా చూశాడు. ఏమీ అనకుండా ఊరికి వెళ్లి అందరికీ చెప్పాడట: “మావోడు గూడ గదే పని చేస్తున్నడు. కాకపోతే మేం వానకు కూసున్నం, వాడు సైరనుకు కూసుంటున్నడు.”

ఇప్పుడు ఆయనకు వయసు మీదపడింది. పటేల్‌గూడ దగ్గర మా క్వార్టరుకు మిరుగులో వచ్చాడంటే మాత్రం తెల్లవారగానే బయట మెట్టు మీద కూర్చుంటాడు, మబ్బు దిక్కు మొహం పెట్టి. తొమ్మిదెకరాలూ గోడ లోపల ఉన్నాయి, దానిమీద యంత్రాలు ఉన్నాయి. ఎందుకు కూర్చున్నావని నేను అడగను. అడిగితే అది అయిదో గడి అవుతుంది.

పోయిన నెల రేషను కార్డు కొత్తగా రాయడానికి గుమాస్తా ఒకాయన ఇంటికి వచ్చాడు. నేను డ్యూటీలో ఉన్నాను. మీ ఆయన ఏం పని చేస్తారమ్మా అని అడిగితే, యాదమ్మ కందులు చెరుగుతూ తల ఎత్తకుండా, “కూసునుడు” అందట. ఆయనా నాలాంటి శ్రద్ధగల మనిషేనేమో, విన్నది విన్నట్టు రాసుకుపోయాడు. వారం తిరక్కుండా కార్డు వచ్చింది. నా పేరు కింద, వృత్తి అన్నచోట, గుండ్రటి అక్షరాలతో ‘కూర్చొనుట’ అని ఉంది. ముందు వాన లేదు, వెనక వ్యవసాయం లేదు.

వెంటనే పెన్సిలు తీసి లెక్క చూసుకున్నాను. ఆదివారాలు యాభై రెండు, పండుగలు పదకొండు తీసేస్తే, ఏడాదిలో మూడు వందల రెండు రోజులు కుర్చీలో ఉన్నాను. మామది నూట నలభయ్యే. కార్డులో తప్పు లేదు.

అందుచేత, కూడికా తీసివేతా సాక్షిగా, పదిమంది చదివేచోట ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ మనిషి బతుకుదెరువునూ రోజులు లెక్కపెట్టి తేల్చను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినంత మాత్రాన అది ఎవరింటి ముందు ఆగుతుందో నాకు తెలుసని అనుకోను. ముఖ్యంగా, ఏ ఫారంలోనూ అయిదో గడి ముట్టను.

కార్డు సరిచేయించుకోమని టైమాఫీసులో అందరూ అంటున్నారు. చాలా తేలికేనట, ఒక ఫారం నింపి ఇస్తే చాలట. తెప్పించి చూశాను. గళ్లు అయిదున్నాయి. మడిచి మామకు ఇచ్చాను. ఆయన దాన్ని మెట్టు మీద పరుచుకుని కూర్చున్నాడు.